2018: కెనడా మోటోక్రాస్ మూడు ముక్కలైన ఏడాదిని ఇప్పుడు ఎలా చూడాలి?

హోల్‌షాట్_హరి
కెనడా మోటోక్రాస్ (మట్టి ట్రాకుల మీద జరిగే బైకు రేసు) ప్రస్తావన వచ్చినప్పుడల్లా 2018ని అందరూ "కొత్త శకం" అని ఒక్క మాటతో దాటేస్తుంటారు. ఆ ఏడాదిని మొదటి నుంచి చివరి దాకా శ్రద్ధగా అనుసరించిన నాకు మాత్రం ఒక అసంతృప్తి ఇప్పటికీ మిగిలే ఉంది. 2017 వరకు కెనడియన్ మోటోస్పోర్ట్ రేసింగ్ క్లబ్ నడిపిన జాతీయ సిరీస్‌లో చిక్కులేమీ లేవు. వేసవి మొదట్లో పశ్చిమ రాష్ట్రాల్లో గేటు పడేది, అంటే రేసులు మొదలయ్యేవి, జట్లన్నీ దేశాన్ని అడ్డంగా దాటుకుంటూ తూర్పుకు వచ్చేవి, ఆ వేసవిలో ఎవరు ఎక్కువ పాయింట్లు సాధిస్తే వాడే దేశానికి ఛాంపియన్. 2018లో జెట్‌వర్క్స్ సంస్థ పగ్గాలు చేపట్టి ఎరీనాక్రాస్, మోటోక్రాస్, సూపర్‌క్రాస్ అనే మూడు భాగాలను కలిపి ట్రిపుల్ క్రౌన్ అని పేరు పెట్టింది. ఆ ఏడాది బయటి ట్రాకుల మీద 450 సీసీ తరగతి టైటిల్‌ను కోల్టన్ ఫాచియోటీ గెలిచాడు. 2008లో మొదటిసారి ఛాంపియన్ అయినవాడు పదేళ్ల తర్వాత, అంతమంది కుర్రాళ్ల మధ్య మళ్లీ గెలవడం మామూలు సంగతి కాదు. అయినా ఆ ఏడాది గురించి రాసేవారందరూ సిరీస్ స్వరూపం గురించే రాస్తారు తప్ప ఆ గెలుపు గురించి రాయరు. ఏడాదిని మూడు ముక్కలు చేయడం వల్ల అసలైన మోటోక్రాస్‌కు దక్కవలసిన గౌరవం తగ్గిందని నేను అనుకుంటున్నాను. మీరేమంటారు?

గేటుపడింది
గౌరవం తగ్గలేదు, లెక్క పెరిగింది. వేసవి టైటిల్ వేసవి టైటిల్‌గానే నిలిచింది, దాని పాయింట్లు దానివే. మూడింటి మొత్తం మీద మరో కిరీటం అదనంగా వచ్చింది. అదనంగా వచ్చినది ఉన్నదాన్ని ఎలా తగ్గిస్తుంది?

హోల్‌షాట్_హరి
డబ్బు, ప్రచారం ఎటు వెళితే స్పాన్సర్ల చూపు అటే వెళుతుంది, గేటుపడింది గారూ. పెద్ద బహుమతి మొత్తం మూడింటి మొత్తానికి కేటాయించినప్పుడు, జట్టు యజమాని రైడర్‌ను ఎంచుకునే తీరు మారుతుంది. బయటి ట్రాకు మీద అరగంట సేపు వేగం తగ్గకుండా నడపగలిగినవాడికంటే, మూడు చోట్లా తడబడకుండా నెట్టుకొచ్చేవాడికే ఒప్పందం దొరుకుతుంది.

రెండో_మోటో
మూడు చోట్లా తడబడకుండా ఉండడం కూడా గొప్ప విద్యే కదా. అది చిన్న విషయమన్నట్టు రాయడం సరికాదు.

భాగ్యనగర్_బైకర్
నేను హైదరాబాద్ నుంచి చదువుతున్నాను, వీడియోలు చూడడమే తప్ప ట్రాకు దగ్గర నిలబడి చూసింది లేదు. ఎరీనాక్రాస్‌కూ సూపర్‌క్రాస్‌కూ మోటోక్రాస్‌కూ మధ్య ఉన్న తేడా రైడర్‌కు నిజంగా అంత పెద్దదా? బండి అదే, మనిషి అతడే కదా. ఎవరైనా ఓపికగా చెప్పగలిగితే చర్చ నాకు ఇంకొంచెం బాగా అర్థమవుతుంది.

పిట్‌బోర్డు
బండి పేరు అదే అయినా లోపల అదే బండి కాదు. నేను చిన్న జట్లకు మెకానిక్‌గా పనిచేశాను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

మోటోక్రాస్ ట్రాకును పొలాల మధ్యనో కొండవాలు మీదనో, ఉన్న నేలనే మలచి వేస్తారు. లాప్ దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. ఒక రౌండులో రెండు మోటోలు, అంటే రెండు రేసులు, ఒక్కొక్కటి సుమారు అరగంట. ఉదయం చదునుగా ఉన్న మలుపు మధ్యాహ్నానికి మోకాలి లోతు రట్లతో (చక్రాల చాళ్లతో) నిండిపోతుంది, బ్రేకు వేసే చోట గతుకులు వరుసగా లేస్తాయి. అక్కడ సస్పెన్షన్ మెత్తగా ఉండాలి, లేకపోతే పది నిమిషాలకే చేతులు బిగుసుకుపోతాయి. సూపర్‌క్రాస్ ట్రాకు స్టేడియంలో కొలతలు వేసి కట్టినది. ట్రిపుల్ జంపులు ఎత్తుగా, దగ్గర దగ్గరగా ఉంటాయి, వూప్స్ (చిన్న మట్టి దిబ్బల) వరుసను చక్రాలు పై అంచులనే తాకేలా దాటాలి. మెత్తటి ఫోర్కుతో (ముందు సస్పెన్షన్‌తో) వూప్స్‌లోకి వెళితే ముందు చక్రం దిగబడి మనిషి హ్యాండిల్‌బారు మీదుగా ఎగిరిపోతాడు. అందుకని స్ప్రింగులు గట్టివి వేస్తాం, వాల్వింగ్ (సస్పెన్షన్ లోపల నూనె కదలికను అదుపు చేసే అమరిక) మొత్తం మారుస్తాం. ఎరీనాక్రాస్‌ను ఐస్ హాకీ ఆడే హాలులో మట్టి పోసి కడతారు. అక్కడ లాప్ ఇంకా చిన్నది, గేటు నుంచి మొదటి మలుపు నాలుగడుగుల దూరంలో ఉన్నట్టే ఉంటుంది, స్టార్టు చెడితే ముందుకు రావడానికి చోటే దొరకదు.

కాబట్టి మూడు భాగాల సిరీస్ అంటే మెకానిక్‌కు కనీసం రెండు జతల ఫోర్కులు, రెండు షాకులు (వెనుక సస్పెన్షన్), వేరు వేరు గేరింగు, వేరు వేరు రోజుల టెస్టింగు. ఫ్యాక్టరీ మద్దతున్న జట్టుకు అది ఒక వరుస ఖర్చు మాత్రమే. సొంత డబ్బుతో వచ్చే ప్రైవేటీర్‌కు అది సీజన్ ఆడాలా వద్దా అన్న ప్రశ్న.

భాగ్యనగర్_బైకర్
చాలా స్పష్టంగా చెప్పారు, పిట్‌బోర్డు గారూ. అంటే హరి గారి అసంతృప్తి టైటిల్ గురించి అయితే మీది ఖర్చు గురించి.

కాల్గరీ_శీను
ఖర్చులో దూరాన్ని మరిచిపోకండి. ఇండియాలో ఉన్నవాళ్లకు కెనడా పొడవు మ్యాపులో చూస్తే అర్థం కాదు. కాల్గరీ నుంచి దక్షిణ ఒంటారియోకు రోడ్డు మీద మూడు వేల కిలోమీటర్లకు పైనే. సుపీరియర్ సరస్సు ఉత్తరపు ఒడ్డున గంటల తరబడి పెట్రోలు బంకు కూడా కనిపించని దారి. ఒక రైడర్, అతని తండ్రి లేదా స్నేహితుడు, వ్యానులో రెండు బండ్లు, వెనుక పరుపు: పశ్చిమం నుంచి తూర్పు రౌండ్లకు వెళ్లే ప్రైవేటీర్ జట్టు అంటే అంతే. మధ్యలో మానిటోబాలోని మిన్నెడోసా తగులుతుంది, అక్కడి వాలు ట్రాకు మీద నడిపి మళ్లీ వ్యానెక్కాలి. వేసవిలో ఒక్కసారి ఇలా దాటడానికే ఏడాదంతా పనిచేసి డబ్బు దాచుకునేవారున్నారు. 2018 తర్వాత అదే మనిషి హాలు రేసులకు ఒకసారి, వేసవికి ఒకసారి, శరదృతువులో సూపర్‌క్రాస్‌కు మరోసారి కదలాలి. అందుకే మా వైపు చాలామంది ఒకటో రెండో భాగాలు ఎంచుకుని మిగిలినవి వదిలేశారు.

ఇంకొక సంగతి. కాల్గరీ వైల్డ్ రోజ్ ట్రాకు సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైన ఉంది. గాలి పలుచన కాబట్టి ఇంజను బలంలో దాదాపు పదో వంతు తగ్గుతుంది. 450లకు అది పెద్దగా తెలియదు, 250ల మీద స్టార్టులో బాగా తెలుస్తుంది. ఇక్కడ గెలిచిన కుర్రాడు తూర్పుకు వెళ్లి ఇసుకలో ఓడిపోతే అతను బలహీనుడని కాదు. ఒక్క వేసవిలోనే మూడు నాలుగు రకాల నేలను జయించాలి, అందుకే కెనడా అవుట్‌డోర్ టైటిల్ అంటే నాకు అంత గౌరవం. ఆ విషయంలో హరి గారితో పూర్తిగా ఏకీభవిస్తాను.

ఇసుక_రూట్
ఇసుక పేరెత్తారు కాబట్టి గోఫర్ డ్యూన్స్ గురించి రాయకుండా ఉండలేను. ఒంటారియోలో కోర్ట్‌లాండ్ దగ్గర, ఒకప్పుడు ఊరంతా పొగాకు పండించిన ప్రాంతంలో ఉంది ఆ ట్రాకు. పొగాకుకు కావలసిన తేలిక ఇసుక నేలే అక్కడ రైడర్‌కు పరీక్ష పెడుతుంది.

కంచె పక్కన నిలబడి చూస్తే టీవీలో ఏమాత్రం కనిపించనివి కనిపిస్తాయి. మొదటి మోటోలో పది నిమిషాలు గడిచేసరికి నేరు దారి మీద గతుకులు అలల్లా లేచి, ఒక్కొక్కటి చక్రం సగం మునిగేంత లోతవుతుంది. రైడర్ కూర్చోలేడు, నిలబడి ఒళ్లంతా వెనక్కి వేసి థ్రాటిల్ తెరిచే ఉంచాలి. థ్రాటిల్ వదిలిన క్షణం ముందు చక్రం ఇసుకలోకి దిగుతుంది. జులై ఎండలో ఇంజను చప్పుడు మారడం చెవికి తెలుస్తుంది, రేడియేటర్ నుంచి ఆవిరి కూడా చూశాను. మోటో ముగిశాక పిట్స్‌లోకి (జట్లు బండ్లను సరిచేసుకునే చోటికి) వచ్చిన రైడర్ చేతి తొడుగులు తీస్తే అరచేతి చర్మం తొడుగుతోపాటే వస్తుంది. మెకానిక్ ఈలోగా ఎయిర్ ఫిల్టర్ తీసి నూనె రాసిన కొత్తది పెట్టి, క్లచ్ ప్లేట్లు చూసి, చెయిన్‌లో ఇరుక్కున్న ఇసుకను కడుగుతాడు. రైడర్ మంచు నీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టుకుని ఏమీ మాట్లాడడు. గంటన్నరలో మళ్లీ గేటు దగ్గర ఉండాలి.

ఫాచియోటీ నడిపిన హోండా జట్టు పేరులోని జీడీఆర్ అంటే గోఫర్ డ్యూన్స్ రేసింగే. వారాంతంలో మిగిలినవారు వచ్చి వెళ్లే ఇసుక మీద ఆ జట్టు మామూలుగానే సాధన చేసేది. 2018 టైటిల్ గురించి మాట్లాడేవారు ఈ సంగతిని పక్కన పెట్టకూడదు.

గేటుపడింది
ఇసుక_రూట్ గారి మాటలతో నాకు పేచీ లేదు, కానీ అవే మాటలు నా వాదనను బలపరుస్తున్నాయి. 2018లో కూడా గోఫర్ డ్యూన్స్ ఉంది, అదే ఇసుక, అదే ఎండ. సిరీస్ పేరు మారినంత మాత్రాన ఆ అరగంట సులువైపోలేదు. మరి తగ్గిందేమిటి?

హోల్‌షాట్_హరి
తగ్గింది రైడర్ శరీరంలోని మిగులు. ఎముక విరగడానికి, కోలుకోవడానికి ఏడాదిలో ఉన్న ఖాళీ నెలలను హాలు రేసులు తినేశాయి. గతంలో చలికాలమంతా ఫ్లోరిడా, జార్జియా, కాలిఫోర్నియా వైపు వెళ్లి నెమ్మదిగా శరీరాన్ని సిద్ధం చేసుకునేవారు. ఎరీనాక్రాస్‌లో ఒక మణికట్టు విరిగితే వేసవి మొదటి రౌండ్లు పోయినట్టే, దానితో టైటిల్ కూడా పోయినట్టే.

రెండో_మోటో
ఫ్లోరిడా వెళ్లగలిగిన వారి సంగతి చెబుతున్నారు. వెళ్లలేని వారికి చలికాలంలో రేసూ లేదు, జీతమూ లేదు. రైడర్ వృత్తి పది వారాల వేసవి ఉద్యోగంగా ఉన్నంతకాలం ఏ తండ్రీ తన పిల్లవాడిని ఈ దారిలో పెట్టడానికి ధైర్యం చేయడు. ఏడాదిలో ఎక్కువ నెలలు గేటు దగ్గర కనబడే అవకాశాన్ని కల్పించిన మొదటి ఏడాది 2018. స్పాన్సర్‌కు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

మరొకటి ఎవరూ చెప్పలేదు. అమెరికా సూపర్‌క్రాస్ సిరీస్ 2008 నుంచి టొరంటోలోని రోజర్స్ సెంటర్‌కు వచ్చేది, 2017తో అది ఆగిపోయింది. ఈ దేశంలో కుర్రాళ్లు పెద్ద స్టేడియం రేసును కళ్లారా చూసే చోటు పోయిన మరుసటి ఏడాదే సొంత సూపర్‌క్రాస్ భాగం మొదలైంది. ఆ సందర్భాన్ని గుర్తుంచుకుంటే 2018 నిర్ణయం విలువ తెలుస్తుంది.

మాంట్రియల్_మూర్తి
సూపర్‌క్రాస్ కెనడాకు 2018లో కొత్తగా వచ్చిందన్నట్టు రాస్తే క్యూబెక్‌లో ఎవరూ ఒప్పుకోరు. మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియంలో సూపర్‌క్రాస్ దశాబ్దాల నాటిది. ఇక్కడ తాతలు మనవలను తీసుకొచ్చి చూపించేవారు. 2001 నుంచి 2005 దాకా వరుసగా ఐదుసార్లు జాతీయ ఛాంపియన్ అయిన జాన్-సెబాస్టియాన్ రాయ్ ఈ రాష్ట్రం వాడే, ఆక్టన్ వేల్ అనే చిన్న పట్టణం నుంచి వచ్చాడు. 2018లో జరిగిందల్లా మాంట్రియల్‌ను జాతీయ లెక్కలోకి తీసుకోవడం. దాన్ని నేను మనస్ఫూర్తిగా ఆహ్వానించాను. అంతకుముందు మాంట్రియల్‌లో ఎంత బాగా నడిపినా అది ఆ రాత్రితో సరి, ఏడాది టైటిల్‌కు దానితో సంబంధం లేదు.

అయితే అదే స్టేడియం గురించి ఇంకో మాట చెప్పాలి. బ్లేర్ మోర్గాన్ పేరు ఇక్కడ అందరికీ తెలిసే ఉంటుంది. సస్కాచెవాన్‌లోని ప్రిన్స్ ఆల్బర్ట్ వాసి, స్నోమొబైల్ (మంచు మీద నడిపే బండి) రేసుల్లో ప్రపంచం మెచ్చిన వాడు, వేసవిలో మోటోక్రాస్ నడిపేవాడు. 2008లో మాంట్రియల్ సూపర్‌క్రాస్ సాధనలో పడి వెన్నెముకకు దెబ్బ తగిలి నడవలేని స్థితికి వచ్చాడు. చలికాలం ఒక క్రీడ, వేసవి ఒక క్రీడ, శరదృతువులో స్టేడియం అంటూ ఏడాదంతా నడిపే రైడర్లు మనకు 2018 కంటే ముందే ఉన్నారు. ఏడాది పొడుగునా రేసులు పెట్టే ఏ నిర్వాహకుడైనా విశ్రాంతి గురించి, ట్రాకు భద్రత గురించి మొదట ఆలోచించాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఈ విషయంలో హరి గారి ఆందోళన నాకు పూర్తిగా అర్థమవుతుంది.

ఒట్టావా_పద్మ
ఇప్పటిదాకా ప్రొఫెషనల్ రైడర్ల వైపు నుంచే మాట్లాడారు. మా అబ్బాయి అమెచ్యూర్ తరగతిలో నడుపుతున్నాడు, కాబట్టి కింది మెట్టు ఎలా ఉందో చెబుతాను.

2018 తర్వాత పిల్లల నోట సూపర్‌క్రాస్ మాటే ఎక్కువగా వినబడుతోంది. కానీ సూపర్‌క్రాస్ సాధన చేయడానికి సరైన ట్రాకు ఎక్కడుంది? మాకు దగ్గరలో రిచ్‌మండ్ ఊళ్లో సాండ్ డెల్ లీ ఉంది, చక్కటి మోటోక్రాస్ ట్రాకు, పిల్లలకు శిక్షణ కూడా దొరుకుతుంది. ట్రిపుల్ జంపులు, వూప్స్ కట్టిన ట్రాకు మాత్రం ఎవరో ఒకరి సొంత పొలంలో ఉండాలి, వాళ్లతో పరిచయం ఉండాలి. ఒకసారి ఒక ప్రైవేటు ట్రాకుకు తీసుకెళ్లాం. డబ్బు తీసుకున్నారు కానీ పక్కన జెండా ఊపే మనిషి ఒక్కడు కూడా లేడు. జంపు అవతల పిల్లవాడు పడి ఉన్నా వెనుక వచ్చేవాడికి తెలిసే దారి లేదు. వెంటనే బండి వ్యానెక్కించి వచ్చేశాను. పైన మూడు భాగాల సిరీస్ కట్టేటప్పుడు కింద రెండు భాగాలకు సాధన స్థలాలే లేవన్న సంగతి ఎవరైనా ఆలోచించారా?

ఇంకొకటి. దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు రాష్ట్ర ఆరోగ్య బీమా చూసుకుంటుంది, నిజమే. తర్వాత నెలల తరబడి చేయించవలసిన ఫిజియోథెరపీకి ఎక్కువ భాగం సొంత డబ్బో ఉద్యోగం ఇచ్చే బీమానో కావాలి. రేసుల సంఖ్య పెంచే చర్చలో ఈ లెక్క ఎప్పుడూ కనబడదు.

పిట్‌బోర్డు
పద్మ గారు చెప్పిన జెండా సంగతి అక్షరాలా నిజం. పసుపు జెండా (ముందు ప్రమాదం ఉందని హెచ్చరించేది) లేని సాధనకు నేను కూడా ఎవరినీ దింపను.

కాల్గరీ_శీను
మా వైపు కూడా పరిస్థితి అదే. హాలు రేసుకు ముందు చాలామంది కుర్రాళ్లు అలాంటి ట్రాకును రేసు రోజు మధ్యాహ్నమే మొదటిసారి చూస్తారు.

గేటుపడింది
పద్మ గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. అయినా పైన సిరీస్ ఉంటేనే కింద ట్రాకులు కట్టాలన్న ఆలోచన పుడుతుందని నా నమ్మకం. ఉదాహరణకు జెస్ పెటిస్‌ను చూడండి. బ్రిటిష్ కొలంబియాలోని ప్రిన్స్ జార్జ్ ఎక్కడ, స్టేడియం రేసులు ఎక్కడ! అంత దూరపు ఉత్తరాది పట్టణం నుంచి వచ్చిన కుర్రాడు 2018లో యమహా మీద 250 తరగతి ఛాంపియన్ అయ్యాడు. ఆ ఏడాది అతనికి దొరికిన రేసుల సంఖ్య, దొరికిన ప్రచారం పాత పద్ధతిలో దొరికేవి కావు. తర్వాతి ఏడాదికి కేటీఎమ్ జట్టు అతన్ని తీసుకుంది. ఇది ఆ ఏడాది ఇచ్చిన ఫలమే కదా.

హోల్‌షాట్_హరి
పెటిస్ ఎదుగుదల చూసి నేనూ ఎంతో సంతోషించాను. కానీ అతన్ని ఛాంపియన్‌గా తయారుచేసినవి ప్రిన్స్ జార్జ్ చుట్టుపక్కల ఉన్న బయటి ట్రాకులే. హాలులో మట్టి పోసి ఎవరినీ తయారు చేయలేం, తయారైన వాడిని ప్రదర్శించగలం.

రెండో_మోటో
ఆ ఏడాది 250 తరగతిలో పెటిస్‌తో పాటు డిలన్ రైట్ కూడా ఉన్నాడని మరవకండి. ఒట్టావా ప్రాంతపు కుర్రాడు, ఫాచియోటీ ఉన్న హోండా జట్టులోనే 250 నడిపేవాడు. తర్వాతి ఏళ్లలో 450 తరగతిని తన సొంతం చేసుకున్నది అతనే, అతనికి గట్టిగా ఎదురు నిలిచిన వారిలో పెటిస్ ముందుంటాడు. 2018ని ఛాంపియన్ల జాబితాలో ఒక వరుసగా చూస్తే కనిపించనిది ఇదే: పాత తరం పెద్ద గెలుపు, కొత్త తరం మొదటి పెద్ద పోటీ ఒకే పిట్స్‌లో, ఒకే గుడారం కింద జరిగాయి. ఫాచియోటీ లైను ఎలా ఎంచుకుంటున్నాడో, మోటో మధ్యలో శక్తిని ఎలా దాచుకుంటున్నాడో రైట్ వారం వారం దగ్గర నుంచి చూశాడు. ఏ శిక్షణ శిబిరంలోనూ అది దొరకదు.

ఇసుక_రూట్
రెండో_మోటో గారు రాసినది ఈ చర్చలో నాకు అన్నిటికంటే నచ్చింది. రైట్ నిలబడే తీరులో, ముఖ్యంగా ఇసుకలో ఒళ్లు కదలకుండా బండిని కింద ఆడనిచ్చే తీరులో ఆ చదువు కనిపిస్తుంది.

మాంట్రియల్_మూర్తి
2018 అనగానే నాకు ముందు గుర్తొచ్చేది అక్టోబరులో మిషిగన్‌లోని రెడ్‌బడ్‌లో జరిగిన మోటోక్రాస్ ఆఫ్ నేషన్స్, అంటే దేశాల జట్ల మధ్య జరిగే పోటీ. సరిహద్దు దాటి కొన్ని గంటల ప్రయాణమే కాబట్టి ఒంటారియో నుంచి, క్యూబెక్ నుంచి మనవాళ్లు పెద్ద సంఖ్యలో వెళ్లారు. కెనడాకు ఫాచియోటీ, పెటిస్, టైలర్ మెడాగ్లియా నడిపారు. వాన ఆగకుండా పడింది, ట్రాకు అంతా బురద, రెండు లాపులకే గాగుల్స్ పనికిరాకుండా పోయేవి. సొంత గడ్డ మీద అమెరికా ఆరో స్థానానికి పడిపోయి ఫ్రాన్స్ గెలిచింది. మన జట్టు ముగ్గురూ ఆ ఏడాది కెనడా సిరీస్‌లో నడిపి వచ్చినవారే. అలసిపోయారని హరి గారు అంటారు, రాటుదేలారని గేటుపడింది గారు అంటారు. ఆ బురదలో వాళ్లను చూసినప్పుడు నాకు రెండూ నిజమే అనిపించింది.

హోల్‌షాట్_హరి
మెడాగ్లియా పేరు వచ్చినందుకు సంతోషం. తూర్పు తీరంలో స్థిరపడి, ఏళ్ల తరబడి ఏ హంగూ లేకుండా ప్రతి రౌండుకూ వచ్చి నడిపిన మనిషి. అలాంటివారి గురించి ఒక్క పేజీ అయినా ఎవరైనా రాయాలని నా కోరిక.

ఒట్టావా_పద్మ
ఆడపిల్లల తరగతి గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. క్యూబెక్ రైడర్ ఈవ్ బ్రోదర్ ఎన్నో టైటిళ్లు గెలిచింది, మా అబ్బాయి స్నేహితురాళ్లు ఆమె నంబరు ప్లేటు బొమ్మ తమ హెల్మెట్ల మీద అంటించుకుంటారు. ఏడాదిని విస్తరించినప్పుడు మహిళల రేసులకు ఆ విస్తరణలో ఎంత వాటా దక్కిందన్నది కూడా 2018 మీద మనం అడగవలసిన ప్రశ్న. నా దృష్టిలో చాలా తక్కువ దక్కింది. పురుషుల తరగతులకు మూడు భాగాలు వచ్చాయి, ఆడపిల్లలకు కొన్ని వారాంతాలే మిగిలాయి.

గేటుపడింది
ఈ విషయంలో మీతో వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు, పద్మ గారూ. అది స్పష్టమైన లోపమే, సరిదిద్దవలసినదే.

భాగ్యనగర్_బైకర్
ఇదంతా చదువుతుంటే మన దగ్గరి పరిస్థితి గుర్తుకు వచ్చింది. 2024 మొదట్లో పుణె, అహ్మదాబాద్, బెంగళూరుల్లో ఇండియన్ సూపర్‌క్రాస్ రేసింగ్ లీగ్ మొదటి సీజన్ జరిగింది. విదేశీ రైడర్లు వచ్చారు, స్టేడియాలు నిండాయి. చూడడానికి నాకెంతో ఉత్సాహంగా అనిపించింది. కానీ హరి గారు అన్నట్టు, రైడర్ తయారయ్యే బయటి ట్రాకులు మన దగ్గర ఎన్ని ఉన్నాయి? కెనడా ముందు పొలాల్లో ట్రాకులు వేసుకుని తర్వాత హాళ్లలోకి వెళ్లింది. మనం లీగ్‌ను నేరుగా స్టేడియంలో మొదలుపెట్టాం. ఆ తేడా వల్ల మన కుర్రాళ్లకు నష్టం జరగకుండా ఏం చేయవచ్చో ఇక్కడి పెద్దలు చెబితే బాగుంటుంది.

కాల్గరీ_శీను
వాల్టన్‌ను చూడండి. ఒంటారియో పల్లెలో ఆగస్టులో జరిగే ట్రాన్స్‌కాన్ పోటీకి దేశం నలుమూలల నుంచి పిల్లలు వస్తారు. చిన్న 50 సీసీ బండ్ల నుంచి పెద్దల తరగతుల దాకా వారం పొడుగునా గేటు పడుతూనే ఉంటుంది, జాతీయ సిరీస్ రైడర్లు కూడా అదే నేల మీద నడుపుతారు. పిల్లవాడు ఉదయం తాను నడిపిన మలుపులోనే తన అభిమాన రైడర్ ఎలా తిరుగుతున్నాడో మధ్యాహ్నం చూస్తాడు. మీ దగ్గర లీగ్ జరిగిన వారమే, అదే ఊళ్లో, పిల్లలకు మామూలు మట్టి ట్రాకు మీద ఒక పోటీ పెట్టగలిగితే చాలు. ఖరీదైన స్టేడియం అక్కర్లేదు. కొంచెం వాలు ఉన్న నేల, నీళ్ల ట్యాంకరు, జెండాలు పట్టే మనుషులు, ఒక అంబులెన్సు.

పిట్‌బోర్డు
అంబులెన్సును ముందు రాయండి, శీను గారూ, నేలను తర్వాత రాయండి.

కాల్గరీ_శీను
ఒప్పుకున్నాను. అంబులెన్సు ముందు.

హోల్‌షాట్_హరి
నా మొదటి ప్రశ్నకు తిరిగి వస్తాను. మూడు భాగాల వల్ల రైడర్లకు పని దొరికిందన్న రెండో_మోటో గారి వాదనను కాదనను. మాంట్రియల్‌కు జాతీయ లెక్కలో చోటు దక్కడం కూడా మంచిదే. కానీ వేసవి టైటిల్ గెలిచినవాడి పేరు దేశపు ఛాంపియన్‌గా మిగతా అన్నిటికంటే ముందు, పెద్ద అక్షరాలతో ఉండాలన్న మాట మీద మాత్రం నిలబడతాను. కాల్గరీ ఎత్తు, మిన్నెడోసా వాలు, గోఫర్ డ్యూన్స్ ఇసుక, డెషాంబో, మాంక్టన్ ప్రాంతపు మట్టి, ఇవన్నీ దాటి వచ్చినవాడు ఆ మాటకు తగినవాడు.

రెండో_మోటో
పెద్ద అక్షరాల విషయంలో మీతో ఉన్నాను. బహుమతి మొత్తం విషయంలో లేను.

ఒట్టావా_పద్మ
పిట్‌బోర్డు గారూ, చర్చ ముగిసేలోగా మీ దగ్గర ఒక సలహా కావాలి. మా అబ్బాయి ఈ మధ్య బాగా పొడవు పెరిగాడు, బరువు కూడా పెరిగాడు. చిన్న బండి నుంచి 250కి మారాడు. గతుకుల్లో వెనుక చక్రం ఎగురుతోందని, మలుపులో ముందు చక్రం పట్టు దొరకడం లేదని అంటున్నాడు. సస్పెన్షన్ మొత్తం మార్పించమని కొందరు చెబుతున్నారు. అంత ఖర్చు ఇప్పుడే పెట్టాలా?

పిట్‌బోర్డు
ఇప్పుడే వద్దు, పద్మ గారూ. ముందు సాగ్ (మనిషి కూర్చుంటే బండి వెనుక భాగం దిగే కొలత) కొలవండి, దానికి టేపు ఉంటే చాలు. బండిని స్టాండు మీద పెట్టి వెనుక చక్రం గాలిలో ఉన్నప్పుడు యాక్సిల్ నుంచి నేరుగా పైన ఫెండర్ మీద ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత అబ్బాయి బూట్లు, హెల్మెట్, కవచాలు అన్నీ వేసుకుని ఫుట్‌పెగ్‌ల మీద నిలబడి మెల్లగా కూర్చున్నాక, అదే చోట మళ్లీ కొలవండి. రెండింటి మధ్య తేడా 100 నుంచి 105 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. తక్కువైనా ఎక్కువైనా షాకు మీది ప్రీలోడ్ రింగు తిప్పి సరిచేయండి. రింగు ఎంత తిప్పినా ఆ లెక్క రాకపోతే, లేదా అది వచ్చినా మనిషి ఎక్కనప్పుడు బండి తన బరువుకు తాను దిగే కొలత 30, 40 మిల్లీమీటర్లకు బాగా అటూ ఇటూ ఉంటే, అప్పుడు అతని బరువుకు తగిన స్ప్రింగు ఒక్కటి మార్చండి. వాల్వింగ్ జోలికి ఈ సీజన్‌లో వెళ్లవద్దు. కొలతలు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.